జ్వాల దోవలో మా మామ పేరు

మా అత్తకు కొండ పిచ్చి. ఆళ్లగడ్డ పక్కన మా మెట్టినూరి మిద్దె మీద నిలబడితే తూర్పున నల్లమల బారుగా కనిపించేది. మిరపకాయలు ఎండబోస్తానని మిద్దెక్కి, ఆ కొండల వైపు చూస్తూ అట్లే నిలబడిపోయేది. కింద పొయ్యి మీద ఏది మాడినా దిగేది కాదు. నేను నంద్యాల పిల్లను, రైలు కూత వింటూ పెరిగినదాన్ని. కొండల్లో చూసేదానికి ఏముంటుందో నాకు తలకెక్కేది కాదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అందరూ కర్నూలు చూడాలని ఉవ్విళ్లూరుతుంటే, ఈమెకు మాత్రం అహోబిలం కొండల్లో జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గర పైనుంచి పడే నీళ్లు చూడాలట.

ఆ నీళ్ల సంగతి ఆమె చెవిన వేసింది మా మామే. ఏటా ఫాల్గుణంలో అహోబిలంలో దేవుడి పెండ్లి. మామ ఊరి మగవాళ్లతో బండి కట్టుకుని పోయి, నాలుగైదు రోజులుండి వచ్చి, అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ "అబ్బబ్బ, ఆ జ్వాల కాడ నీళ్లు!" అనేవాడు.

"ఎట్లుంటాయయా?" అని మా అత్త తలుపు చాటు నుంచి అడిగేది.

"చెప్తే అర్థం కాదులే. చూడాల."

చూపించమంటే మాత్రం "ఆడోళ్లు ఎక్కే కొండ గాదు" అని చుట్ట ముట్టించేవాడు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఈ మాట విన్నాను, రెండో ఏడు విన్నాను, నాకే ఒళ్లు మండిపోయింది. పెండ్లయినప్పటి నుంచి వింటున్న ఆమెకు ఎట్లుండాలి?

మూడో ఏడు ఆమెకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. ఆముదం కాచి రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మే, ఈ కాళ్లు ఈ ఏడాదికే. వచ్చే ఏడు మిద్దె మెట్లు గూడా ఎక్కనీవు. ఈసారి పోకుంటే ఇంక నేను ఆ నీళ్లు చూసేది లేదు" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, పండ్లు పటపట కొరికింది.

మా దిక్కున ఒక ఆచారముంది. పెండ్లికి ముందు అహోబిలం దేవుడు పల్లకీలో ఊరూరా తిరిగి, తన పెండ్లికి రమ్మని తానే పిలిచిపోతాడు. పారువేట అంటారు. ఆ ఏడు పల్లకీ మా వాకిట్లో దిగింది. టెంకాయ కొట్టారు, పల్లకీ మోసేవాళ్లకు మజ్జిగ పోశాం. ఊరంతా అక్కడే ఉండగా మా అత్త మామ వైపు తిరిగింది.

"ఏమయా, దేవుడు గడప కాడికొచ్చి పిలిచినాడే, నిన్నొక్కన్నేనా, ఇంటినంతా పిలిచినాడా?"

మామ పల్లకీ వైపు చూశాడు, ఊరి వైపు చూశాడు. దేవుడి ఎదురుగా బొంకలేక, "ఇంటినే" అని గొణిగాడు.

"అట్లయితే బండిలో గడ్డి ఇంకా రోంత ఎక్కువ పరిపించు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

దిగువ అహోబిలంలో పెండ్లి చూశాం. మర్నాడు తెల్లవారుతూనే ఎగువ అహోబిలానికి నడక. మామ నంద్యాలలో కుట్టించుకున్న కొత్త కిర్రుచెప్పులు తొడుక్కుని, కిర్రుకిర్రుమంటూ అందరికంటే ముందు నడిచాడు. సగం దోవలో కిర్రు నెమ్మదించింది. ఎగువకు చేరేసరికి రెండు మడమలూ బొబ్బలెక్కి కుంటుతున్నాడు. అక్కడ మంటపంలో మా ఊరి మగవాళ్లు అప్పటికే పేకముక్కలు పరిచి కూర్చున్నారు. "రాప్పా, నీ జాగా అట్లనే ఉంది" అని జరిగారు. మామ కూలబడి, "ఇంక పైకి, జ్వాల కాడికి పోయేది లేదు. వచ్చే ఏడు చూద్దాం" అని తీర్పు చెప్పేశాడు.

మా అత్త "ఏటి కాడ కాళ్లు కడుక్కొని వస్తాం" అని నా రెక్క పట్టుకుంది. భవనాశి ఏట్లో కాళ్లు కడుక్కున్నాం కూడా. ఆ తర్వాత ఆమె వెనక్కి తిరగలేదు, ఏటి వెంబడే పైకి నడిచింది.

"అత్తా, మామ సంపుతాడు!"

"సూసినాక సంపనీ."

ఏం నడక అది! బండ మీది నుంచి బండ మీదికి దూకుడే. మోకాళ్ల నొప్పుల మనిషి చీర పైకి దోపుకుని ముందు పోతుంటే, పడుచుదాన్ని నేను వెనక ఆయాసపడుతున్నాను. ఒక కోతి నా చేతిలోని బొరుగుల మూట లాక్కుని చెట్టెక్కింది. మా అత్త దాన్ని పట్టుకుని తిట్టిన తిట్లకు అదే సిగ్గుపడి సగం బొరుగులు కింద పోసింది. ఇద్దరం నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నాం. నంద్యాలలో నేను అంత గట్టిగా నవ్వి ఉంటే మా నాయన వీపు పగలగొట్టేవాడు.

అక్కడ కట్టెల మోపుతో వస్తున్న ఒక చెంచు అవ్వ ఎదురైంది. మోపు దించి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవురమ్మా మీరు? ఆడపెండ్లోళ్లా, మగపెండ్లోళ్లా?" అని అడిగింది. దేవుడు చేసుకున్నది చెంచుల పిల్లను గదా, వాళ్లకు ఆయన అల్లుడు. మా అత్త ఊరికే ఉంటే పోయేది. ఛాతీ విరుచుకుని, "మేం మగపెండ్లోళ్లం. పల్లకీ మా ఇంటికొచ్చి పిలిచింది" అంది.

అవ్వ కళ్లు మెరిశాయి. ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు, నడుమ మనిషి పట్టేంత దోవ. చేతికర్ర అడ్డంగా పెట్టింది. "మా ఇంటికొచ్చి ఊరికే పోతారా? మొగుని పేరు చెప్పి దాటండి."

కొత్త కోడలు గడప దాటేటప్పుడు మా ఇళ్లలో చేసే ఆటే అది. నేను నా పెండ్లిలో చెప్పినదాన్నే కాబట్టి గబుక్కున చెప్పి దాటేశాను. మా అత్త నిలబడిపోయింది. పెండ్లినాటికి ఆమె చిన్నపిల్ల, గడపలో ఏడుపు లంకించుకుంటే జాలిపడి లోపలికి రానిచ్చారట. అంటే ఆమె ఆ పేరు జన్మలో పలకలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె గట్టి నమ్మకం.

"మా పెద్దోని నాయన" అంది.

"అది పేరా?"

"మా ఇంటాయన."

"అందరి ఇండ్లల్లో ఉండాడు ఇంటాయన. పేరు చెప్పు."

మలుపు అవతల నీళ్ల చప్పుడు వినబడుతోంది. మా అత్త ఆ చప్పుడు వింటుంది, కర్ర వైపు చూస్తుంది, పెదవులు కదుపుతుంది, నోరు మూసుకుంటుంది. ఇంత దూరమొచ్చి వెనక్కి పోతుందేమో!

"ఏమైతాదని నీ బయం?" అంది అవ్వ. "నేను దినామూ పిలుస్తా. మా ముసిలోడు గుండ్రాయి లెక్క ఉండాడు."

మా అత్త కళ్లు గట్టిగా మూసుకుంది. చేతులు జోడించింది. ఎంత భయపడిందో అంత గట్టిగా అరిచేసింది.

ఆ పేరును ఒక కొండ అందుకుని పలికింది. అవతలి కొండ మళ్లీ పలికింది. ఆ పేరు నేనిక్కడ రాయను, మామ పేరు కోడలు కూడా అనకూడదు. మా అత్త కళ్లు తెరిచి, కొండల వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసేసి మళ్లీ అరిచింది. మళ్లీ మళ్లీ అరిచింది. అవ్వ కర్ర తీసి పకపకా నవ్వుతూ మోపెత్తుకుని పోయినా ఈమె ఆపలేదు, అరుస్తూనే మలుపు తిరిగింది.

ఎండాకాలం ముంగిటి నీళ్లు, ధార కాదు. అంత ఎత్తు నుంచి జల్లెడ పట్టినట్టు, ఎండలో మెరుస్తూ రాలుతున్నాయి. మా అత్త వాటి కింద నిలబడి ముఖం పైకెత్తింది. నేనూ దూరాను. కొండల్లో ఏముందో నాకు అప్పుడు తలకెక్కింది.

అట్ల ఎంతసేపు తడిశామో, మామ వచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకుని, బొబ్బల కాళ్లతో, ముఖం ఎర్రగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా అత్త మాత్రం పరుగున పోయి ఆయన్ని తలా కాళ్లూ తడిమి చూసింది. "బాగుండావాయా? ఏం కాలేదు గదా?"

"నన్నెవరు పిలిచింది, పేరు పెట్టి?"

"నేనే" అంది తల దించుకుని.

మామ అప్పటికే తల పైకెత్తి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మీసం మీది నీటి తుంపర తుడుచుకుని, "ఇవేనా ఆ నీళ్లు?" అన్నాడు.

"ఇవేనా అంటావేంది? ఏటేటా చూస్తాండావు గదా!"

మామ చేతిలోని చెప్పుల వైపు చూసుకున్నాడు. మంటపంలో పేకాటవాళ్లు ఏటేటా ఆయనకు అట్టే పెట్టే జాగా నాకు గుర్తొచ్చింది. ఆమెకూ వచ్చినట్టుంది. ఇంక కొండ బద్దలవుతుందనుకున్నాను. ఆమె నవ్వింది. నవ్వు ఆపుకోలేక నీళ్లలో కూలబడింది. "చెప్తే అర్థం కాదంటివే!"

"నాకు తెలిస్తే గదా చెప్పేది" అన్నాడు మామ, దొంగ దొరికినట్టు. ఆమె ఆయన్ని చెయ్యి పట్టి తలపాగాతో సహా నీళ్ల కిందికి లాగింది.

తిరుగు బండిలో మామ ముందు కూర్చుని, కాళ్లు వేలాడేసుకుని, ఊరి పొలిమేర దాకా ఎద్దులను అదిలిస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఎద్దుల వైపు చూస్తూనే అన్నాడు.

"మా అమ్మ పోయినాక నన్ను ఉత్త పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు. ఊరందరికీ పెద్దాయన్నే." పగ్గాలు సర్దుకుని, "ఆడ అరిస్తివే, అది ఇంకొకసారి అను" అన్నాడు.

మా అత్త వెనక్కి తిరిగి కొండల వైపు చూసింది.

"ఈడ రాదు. కొండ కాడికి పిల్చుకపో, అంటా."

మరుసటి ఏడు పల్లకీ మా వాకిటికి రాకముందే, మామ బండి ఇరుసుకు కందెన పూసి పెట్టుకున్నాడు.