కామాక్షి తెల్ల సూదుల రాయి

వాకాడు దగ్గరి రొయ్య పిల్లల హేచరీలో కామాక్షి ప్యాకింగ్ పనిచేస్తుంది. పాలిథిన్ సంచిలో నీళ్లు, పిల్లలు పోసి, ఆక్సిజన్ నింపి ఆమె రబ్బరు బ్యాండు బిగించిందంటే ఆ సంచి ఏ ఊరు పోయినా మెత్తబడదు. ఇంట్లో మాత్రం ఆమె ప్రాణమంతా రాళ్ల మీదే. చూసి నవ్వనివాళ్లు ఆ వీధిలో లేరు. నవ్వుకోనీ, వాళ్ల షోకేసుల్లో ఉన్నవి ప్లాస్టిక్ పూలే కదా!

ఆ రాళ్లు అన్న పెంచలప్రసాద్ తెచ్చినవి. రొయ్యల గుంటల్లో చల్లే జియోలైట్ పొడి కోసం ఆయన మహారాష్ట్రకు లారీ తోలేవాడు. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన నల్లరాతి తొర్రల్లో పెరిగిన జియోలైట్ స్ఫటికాలవి. ఒకటి నడుము దగ్గర బిగించి కట్టిన వరికట్టలా రెండు కొసలా విచ్చుకుని ఉంటుంది. ఇంకొకటి కల్లుప్పులా పలకలు తేలి ఉంటుంది. అన్నింట్లోకీ అందమైనది సూదుల రకం. వెంట్రుకంత సన్నని తెల్ల సూదులు గుత్తిగా లేచి నిలబడతాయి. పాపం, అదే ఎప్పుడూ దక్కలేదు. లారీ కుదుపులకు రాలినవి రాలిపోగా, బాగా వచ్చిన ఒకదాన్ని హేచరీ తొట్లు కడిగే అలవాటు కొద్దీ కామాక్షే యాసిడ్‌తో కడిగింది. సూదులు జావలా అయిపోయాయి. ఆ రోజు ఆమెకు అన్నం సహించలేదు.

ఆఖరి లోడుతో అన్న ఇంకో సూదిరాయి తెచ్చాడు. విప్పి చూసే ధైర్యం లేక, పెట్టె మూసింది మూసినట్టే చెల్లెలికిచ్చి వెళ్లిపోయాడు. కామాక్షి విప్పి చూస్తే ఒక్క సూదీ విరగలేదు. ఆ మాట ఫోనులో చెబితే ఆయన నమ్మలేదు. అంతలో షుగరు ఆయన చూపు తీసేసింది. ఇప్పుడు కోవూరులో కూతురి ఇంట్లో కూర్చుని ఒకటే మాట.

"నా మనసు కోసం చెప్తుండావులే మే. ఇన్నేళ్లు బండి తోలినా, నీకు ఒక్కటన్నా సరిగ్గా తెచ్చియ్యలేకపోతిని."

చూపు లేని మనిషి వేళ్లతో తడిమే చూడాలి. తడిమితే ఆ సూదులు నిలవవు. అది కామాక్షికి తెలియనిదా? అయినా తీసుకుపోవడానికే నిశ్చయించుకుంది. దారిలో మాత్రం ఒక్కటీ విరగకూడదు.

రాయి అడుగును చెక్కకు అతికించి, హేచరీలోనే సంచిలో దించి, రొయ్య పిల్లలకు నింపినట్టే గాలి నింపి బిగించింది. ఉబ్బిన సంచి ఎక్కడా సూదులకు తగల్లేదు. దాన్ని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, బస్సులో ఒడిలోనే ఉంచుకుంది. కింద పెట్టమన్న కండక్టరును, "పసిబిడ్డనైతే కింద పెట్టమంటావా?" అని కసిరింది. ఎంత పట్టుదల మనిషి!

కోవూరులో సంచి విప్పితే రాయి చెక్కుచెదరకుండా ఉంది. అన్న చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.

వేళ్లు ఆనగానే సూదులు చిటచిటా విరిగాయి. ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. "అయ్యో, పోగొట్టినానే!"

"ఇరిగినాయంటే ఇందాకటిదాకా నిలబడుండినట్టే కదన్నా. ఆ పక్క కూడా చూడు."

ఈసారి తొందరపడకుండా రాయి చుట్టూ వేళ్లు పోనిచ్చాడు. ఎక్కడ తాకినా సూదులు ముందు వేలికి అడ్డుపడి, తర్వాతే విరుగుతున్నాయి. ఆయన కళ్ల నీళ్లు కారుతుండగానే నవ్వాడు.

"తెచ్చినానే మే! బాగానే తెచ్చినా."

కామాక్షి రాయిని అన్న ఒడిలోకి జరిపింది.