తొడుగుల తమ్ముడు

ఏ వస్తువు కంటబడినా తమ్ముడు ముందు దాని మీద జాన పెట్టి కొలుస్తాడు. మర్నాటికి దానికో తొడుగు తయారు. దర్జీ కదా, గుడ్డముక్కలకు కొదవలేదు. రేడియోకు తొడుగు, గొడుగుకు తొడుగు, కుర్చీ కాళ్ళకు మేజోళ్ళు. ఒకసారి తాళంచెవికి కుట్టాడు. అది గుడ్డముక్కల్లో కలిసిపోయింది. అక్క ఆ పూటంతా గడప బయటే కూర్చుంది.

పొత్తికడుపు ఆపరేషన్ అయ్యాక ఆమెను గొట్టంతోనే ఇంటికి పంపారు. గొట్టం చివర మూత్రం సంచి, మంచం పక్కన కిందికి వేలాడుతూ. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అక్క వంగలేదు. సంచి ఖాళీ చేయాల్సింది తమ్ముడే.

వాడు సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, సంచి మీద జాన పెట్టాడు.

"ఒరేయ్, దాన్నైనా వదలరా!"

"నలుగురూ వస్తారు, చూస్తారు. నీకెందుకక్కా ఆ బాధ?"

మర్నాటికి పూలగుడ్డ తొడుగు, అంచుకు కుచ్చులు. పలకరించ వచ్చిన పక్కింటావిడ, "చేతిసంచి బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అంది. అక్క గోడవైపు తిరిగింది.

నలుగురి సంగతి సరే. సంచి అడుగున కుళాయి తిప్పి, మగ్గులోకి వంపి, తల దించుకుని మోసుకెళ్ళే తమ్ముడి సంగతో? వాడికి లాగులు తొడిగి పెంచిన చేతులు ఆమెవి. సంచి నిండకపోతే వాడు రానక్కర్లేదు. అక్క నీళ్ళు మానేసింది. వాడిచ్చిన గ్లాసు కిటికీలోంచి ఒంపేసేది.

తొడుగు కింద రంగు ముదరడం ఎవరికీ కనబడలేదు. ఒక సాయంత్రం చుక్క దిగలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసింది. అక్క దుప్పటి కొరికింది.

తమ్ముడు పిలిస్తే ఆసుపత్రి నర్సు వచ్చి గొట్టం కడిగి దారి చేసింది. తొడుగు ఊడదీసి చూస్తే డికాషన్ రంగు.

"దీనికి కుచ్చుల గౌనేమిటయ్యా? లోపలేముందో ఎలా తెలుస్తుంది? ఏమ్మా, నీళ్ళు తాగట్లేదా? మళ్ళీ మూసుకుపోతే ఆసుపత్రే. జ్వరం పట్టుకుందా, ఇక నా చేతుల్లో ఏం లేదు."

ఆమె వెళ్ళాక తమ్ముడు అడిగాడు. "ఎందుకు మానేశావక్కా?"

"నాది నువ్వు ఎత్తిపోస్తుంటే నీ మొహం చూడలేనురా."

తమ్ముడు తన మొహం మీద తనే జాన పెట్టుకున్నాడు, గడ్డం నుంచి నుదుటిదాకా.

మర్నాడు పొద్దున అక్క కళ్ళు తెరిచేసరికి సంచి తొడుగుకు చిన్న కిటికీ కత్తిరించి ఉంది. మంచంకోడుకు ఎవరిదో మోకాలు తగిలింది. తమ్ముడు. తల నిండా అదే పూలగుడ్డ తొడుగు, మెడ దగ్గర నాడా. కళ్ళకు చిల్లుల్లేవు. ఒక చేతిలో మగ్గు, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు.

"అబ్బా! కుడికా, ఎడమకా అక్కా?"

"ఎడమకి. నీక్కూడా కుచ్చులెందుకురా, వెధవా?"

"రంగు నువ్వే చూసి చెప్పు. నాకేం కనపడదు."

అక్కకు నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ పొయ్యమని చాచింది. తమ్ముడు గాలిలో జాన పెట్టి, వెతికి, అందుకున్నాడు.