బౌండరీ వెనక సాయవ్వ

గల్ఫ్‌లో వలస పనివాళ్ళుండే ఏషియన్ టౌన్ క్రికెట్ మైదానంలో మంచి సీట్లన్నీ నీడలో ఉంటాయి. అక్కడ కూర్చుంటే బంతి వేసేవాడూ, కొట్టేవాడూ ఎదురుగా కనిపిస్తారు. బౌండరీ తాడుకు అవతల, ఎండకు మొహం పెట్టి ఉన్న మెట్లమీద కూర్చునేది ఎక్కడా చోటు దొరకనివాళ్ళు. సాయవ్వ మాత్రం నీడలో చోటుండగానే వెళ్ళి ఆ ఎండలో కూర్చుంది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకు కదా నీడ కావాలి. ఆమె వచ్చింది ఒక మనిషి కోసం.

ఆ మనిషి పేరు రాజేందర్. కట్టుడు పనిలో ఫోర్మన్. సాయవ్వ చెల్లెలి కొడుకు నర్సింలు అతని కిందనే పరంజీలు కట్టేవాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ వస్తుందని ఊరంతా తవ్వి, ఊరంతా కడుతున్న రోజులు. ఎక్కడ చూసినా తొందరే. పరంజీ మీద నడిచేవాడి బెల్టుకు రెండు హుక్కులుంటాయి. ఒకటి తీసేటప్పుడు రెండోది తగిలించి ఉండాలి. అలా మార్చుకుంటూ పోతే పని సాగదని, "హుక్కులు తీసెయ్, యల్లా యల్లా" అన్నాడు రాజేందర్. నర్సింలు తీశాడు. పడ్డాడు. కాలు మూడుచోట్ల విరిగింది. పెద్దసార్లు వచ్చి అడిగితే, "వాడే తీసిండు సార్, చెప్తే ఇనడు" అన్నాడు రాజేందర్. కాగితం మీద అదే రాసుకున్నారు. నర్సింలును ఇంటికి పంపేశారు. పనివాళ్ళుండే క్యాంపులో వాడికి మిగిలిన పేరు 'హుక్కు తీసినోడు'.

కాలు విరిగినందుకు సాయవ్వ ఏడ్చింది, ఊరుకుంది. ఎముక అతుక్కుంటుంది. చేతులారా పెంచిన పిల్లవాణ్ణి తెలివిలేనివాడని పదిమందీ అనడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సాయవ్వ నోరు మంచిది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, దాచుకోలేదు కూడా. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు ఇంట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. చదివింది రెండో తరగతి. ఆ ఇంటి ముసలమ్మ కూడా ఆమెను ఒక మాట అనేముందు రెండుసార్లు ఆలోచిస్తుంది.

సాయవ్వ పుట్టిన ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. అన్యాయం చేసినవాడి గడప ముందు అన్యాయమైపోయిన ఇంటి ఆడది వెళ్ళి కూర్చుంటుంది. తిట్టదు, కొట్టదు. ఒకటే మాట అడుగుతుంది. వాడు జవాబు చెప్పేదాకా లేవదు. ఇరుగుపొరుగు వచ్చి వింటారు. సాయవ్వ తల్లి అలా ఒకసారి రెండు రోజులు కూర్చుని జవాబు తీసుకుని లేచింది. కానీ రాజేందర్ ఉండేది మగవాళ్ళ క్యాంపులో. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేస్తాడు. రాజేందర్‌కు గడప లేదు, ఎక్కడ కూర్చోవాలి?

దారి చూపించింది ఖాసీం. సాయవ్వ వంట చేసే ఇంటి డ్రైవరే, హైదరాబాద్ మనిషి. "మీ రాజేందర్ శుక్రవారం శుక్రవారం క్రికెట్ ఆడ్తడవ్వా. క్యాంపోళ్ళంత చూడనీకె వస్తరు" అన్నాడు మాటవరసకు.

"క్యాంపోళ్ళంతనా?" అంది సాయవ్వ. ఆ శుక్రవారమే కారెక్కింది.

మొదటిరోజు తెలియక నీడలో కూర్చుంది. గొంతు చించుకున్నా రాజేందర్‌కు వినపడలేదు. అతను నిలబడేది అవతల చివర, తాడు పక్కన. ఆ తాడే వాడి గడప అని సాయవ్వకు అప్పుడు తెలిసింది.

రెండో శుక్రవారం సరిగ్గా అతని వీపు వెనక కూర్చుంది.

"ఓ రాజేందరూ! హుక్కు దియ్యుమన్నది ఎవడురా?"

రాజేందర్ తిరిగి చూసి, టోపీ కిందికి లాక్కున్నాడు. మెట్లమీద ఉన్నవాళ్ళలో సగం మంది జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు. అందరూ విన్నారు. ఆరు బంతులయ్యాక రాజేందర్ మైదానం అవతలి కొసకు పరుగెత్తాడు.

"చూసినవా, పారిపోతుండు!" అని సాయవ్వ కొంగు దోపుకుని మైదానం చుట్టూ నడిచింది. చెమటలు కక్కుతూ అక్కడికి చేరేసరికి రాజేందర్ మళ్ళీ ఇటు వచ్చేశాడు. ఇలా మూడుసార్లు తిరిగింది.

ఖాసీం నవ్వాపుకోలేక, "అరే అవ్వా, ఆడు పారిపోతలేడు. ఓవర్ అయితె సైడ్ మారుతరు. నువ్వీడనే కూసో, ఆడే వస్తడు" అన్నాడు.

"ముందుగాల చెప్పుటానికి నీ నోరు నొచ్చిందా? మోకాళ్ళు పాయె నావి!"

ఆనాడు రాజేందర్ రెండు క్యాచులు వదిలాడు. బంతి గాలిలోకి లేచిన ప్రతిసారీ వెనకనుంచి అదే ప్రశ్న. మెట్లమీద వాళ్ళకు అది ఆటకంటే బాగుంది.

మూడో శుక్రవారం ఫైనల్. రాజేందర్ తెలివి చేసి తాడు వదిలి ముందుకొచ్చి నిలబడ్డాడు. కెప్టెన్ హమీదుద్దీన్ అరిచాడు: "అరే రాజేందర్, పీఛే జా! ఆమె నిన్ను కొరుకుతదా?" మైదానమంతా నవ్వు. రాజేందర్ వెనక్కి వచ్చాడు. సాయవ్వ గొంతు సవరించుకుంది.

"హుక్కు దియ్యుమన్నది ఎవడురా?"

బంతి పైకి లేచింది. నేరుగా రాజేందర్ మీదికే వస్తోంది. చేతులు చాచాడు.

"ఎవడురా?"

చేతుల్లోంచి జారింది. మెట్లమీద ఈలలు. రాజేందర్ బంతి వైపు కూడా చూడకుండా గిర్రున తిరిగాడు.

"నేనే! నేనే దియ్యమన్న! ఏంది ఇప్పుడు? అందరు ఫోర్మన్లు అంటరు, నేనూ అన్న. చాలా నీకు?"

ఈలలు ఆగిపోయాయి. హమీదుద్దీన్ పిచ్ మధ్యనుంచి నడిచి వచ్చి, "ఏమన్నవ్?" అన్నాడు.

వెనక రెండు మెట్ల పైన ఒకడు లేచాడు. నర్సింలుతో ఒకే గదిలో ఉన్న ముత్యం. "అవ్, నేనూ ఇన్న. నా ముంగటనే అన్నడు" అన్నాడు.

సాయవ్వ అతని వైపు తిరిగింది. "ఇన్ని నెల్లు నీ నోట్లె ఏం వెట్టుకున్నవురా? కూసో. నీ సంగతి మల్ల చూస్త."

ముత్యం కూర్చున్నాడు. పక్కవాడు అతనికి కొంచెం దూరం జరిగాడు. 'హుక్కు తీసినోడు కాదంట, తీయించినోడు వీడంట' అన్న మాట మెట్టు దిగి మెట్టు దిగి, మైదానం చుట్టూ పాకింది.

ఖాసీం జేబులోంచి కారు తాళాలు తీశాడు. "అయిపాయె గద అవ్వా. పోదాం పా. నర్సింలుకు ఫోన్ జేద్దాం."

"ఆటల ఇంక ఎన్ని బంతులున్నయి?"

"అయిదు."

"అయితే కూసో."

అయిదు బంతులూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. రాజేందర్‌కు అది మరీ కష్టమైంది. బంతి బంతికీ తల తిప్పి వెనక్కి చూశాడు. చూసిన ప్రతిసారీ సాయవ్వ కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. ఆమె పక్కన ఎడమకూ కుడికీ మెట్లనిండా కూర్చున్న పనివాళ్ళ కళ్ళు కూడా. వాళ్ళలో రేపు పొద్దున పరంజీ ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆఖరి బంతికి రాజేందర్ మళ్ళీ తిరిగాడు. ఏదో బతిమాలబోయినట్టు పెదవులు కదిలాయి.

"ఇటేంది చూస్తవు?" అంది సాయవ్వ. "నీ పని అటుంది."