కర్టెన్ రాడ్డు అన్నాను

పోయిన ఆదివారం నేనూ మా ఆయనా పోలీస్ స్టేషన్లో కూర్చుని టీ తాగామండి. మర్యాదకి పిలిచి ఇచ్చిన టీ కాదు. చెప్తాను, వినండి. నవ్వితే మాత్రం కాస్త మెల్లగా నవ్వండి, లోపల ఆయన పేపర్ చదువుకుంటున్నారు.

మా ఇద్దరికీ ఈమధ్య షూటింగ్ పిచ్చి పట్టుకుంది కదా. ఎయిర్ రైఫిల్‌తో అట్టమీద గుండ్రాల మధ్యలో కొట్టడం. జంగారెడ్డిగూడెం దగ్గర మా ఆయన ఫ్రెండ్ రాజుగారికి జీడితోట ఉంది. ఆదివారాలు మాలాంటి జంటలు కొన్ని అక్కడ చేరి ప్రాక్టీస్ చేస్తాం. మగవాళ్లకంటే ఆడవాళ్లమే బాగా కొడతామని పేరు. అందులోనూ నాది మంచి గురి అని రాజుగారు అంటూంటారు.

ఎప్పుడూ రాజుగారి జీపులోనే వెళ్లేవాళ్లం. మొన్న జీపు రిపేరుకొచ్చింది. సరే అని రాజమండ్రిలో బస్సెక్కాం. రైఫిల్ కవర్‌కి జిప్పు పోతే, పాత దుప్పట్లో చుట్టి పురికొసతో కట్టి కాళ్ల మధ్య నిలబెట్టుకున్నాం. బస్సు కొవ్వూరు దాటింది. పక్క సీట్లో పెద్దాయన దాన్నే చూస్తున్నాడు.

"ఏంటమ్మా అది?"

రైఫిల్ అంటే బస్సంతా తిరిగి చూస్తుంది. "కర్టెన్ రాడ్డండి" అనేశాను. మా ఆయన నావైపు ఓ చూపు చూశారు.

జంగారెడ్డిగూడెం ఇంకా రాకుండానే పోలీసులు బస్సాపారు. ఆ వైపు తనిఖీలు మామూలే. కానిస్టేబుల్ ఒక్కో సంచీ నొక్కి చూసుకుంటూ వచ్చాడు. మా దగ్గర ఆగి, దుప్పటి మీద చెయ్యేసి, "ఇదేంటి?" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచేలోపే ఆ పెద్దాయన, పాపం సాయం చేద్దామనే, "కర్టెన్ రాడ్డంటండి" అన్నాడు.

కానిస్టేబుల్ అంచు ఎత్తి చూశాడు. అంతే. బస్సు మమ్మల్నిద్దర్నీ దింపేసి వెళ్లిపోయింది.

స్టేషన్లో మా ఆయన, "ఎయిర్ రైఫిల్ అండి, దీనికి లైసెన్స్ అక్కర్లేదు, స్పోర్ట్స్ కోసం" అని చెప్పుకుపోతున్నారు. ఎస్సైగారు ఆయన్ని వదిలేసి నన్నడిగారు.

"మరి కర్టెన్ రాడ్డని ఎందుకు చెప్పారమ్మా?"

అబద్ధమాడింది నేను, చెమటలు పడుతున్నది మా ఆయనకి. తుపాకీతో పట్టుబడ్డ టీచరమ్మ అని పేపర్లో నా ఫొటో, దాన్ని స్టాఫ్‌రూమ్‌లో పైకి చదువుతున్న మా హెడ్మిస్ట్రెస్, అన్నీ కళ్లముందు తిరుగుతున్నాయి.

టీ తెప్పించారు. గ్లాసు పట్టుకుంటే చీర మీద ఒలికింది. ఎస్సైగారు రాజుగారికి ఫోన్ చేసి మాట్లాడారు. అయినా పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. "టార్గెట్ షూటింగ్ అంటున్నారుగా, ఒకసారి కొట్టి చూపించండి" అన్నారు.

వెనక ఖాళీ స్థలంలో గోడకి ఇసక బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటిమీద అగ్గిపెట్టె నిలబెట్టించి, అందర్నీ మా వెనక్కి రమ్మన్నారు. తోటలో అయితే నాకదో లెక్క కాదు. అక్కడ చేతులు ఆగితేగా. కొట్టాను. అగ్గిపెట్టె కదల్లేదు, ఇసకా రాలలేదు. గుండు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. మళ్లీ కొట్టాను. పక్కనున్న రేకుల షెడ్డు టంగుమంది.

"ఇలా ఇవ్వు" అని మా ఆయన అందుకున్నారు. కాళ్లు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, బాగా గురి చూసి కొట్టారు. గోడవార పెట్టిన మంచినీళ్ల కుండకి చిల్లుపడి నీళ్లు ధారగా కారాయి.

ఎస్సైగారు కుండని చూశారు, అగ్గిపెట్టెని చూశారు, మమ్మల్నిద్దర్నీ చూశారు. తర్వాత కానిస్టేబుల్‌ని పిలిచి, "బస్సు రాగానే వీళ్లని ఎక్కించెయ్. వీళ్లవల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు" అన్నారు.

అరెస్టు చేసినా అంత అవమానంగా ఉండేది కాదండి.