ప్రాణహిత మీద దిగిన అద్దం

పోయిన వానాకాలం మరిది నిశ్చితార్థానికి సిరోంచ నుంచి చెన్నూరుకు మా మామయ్య పాత కారులో బయలుదేరాం. ప్రాణహిత వంతెన మీద అత్తమ్మ ఎప్పటిలాగే స్విచ్ నొక్కి అద్దం దించి, నదిలో రూపాయి బిళ్ల వేసి దండం పెట్టింది. ఆ అద్దం మళ్లీ పైకి రాలేదు. అంతలో వాన అందుకుంది. పెళ్లికూతురికి పెట్టాల్సిన పట్టుచీర అత్తమ్మ ఒళ్లోనే ఉంది!

"మోటర్ కాలింది. ఇగ వాపస్ పోదాం" అన్నారు మా ఆయన.

"శుభకార్యానికి పోతూ వాపస్ ఏందిరా!" అత్తమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

వంతెన దాటి ఆగాం. స్విచ్ మీద వేలు తీయకుండానే అత్తమ్మ తలుపు తెరిచింది. అద్దం బెత్తెడు లేచి ఆగిపోయింది. ఇంట్లో మిక్సీలూ ఫ్యాన్లూ విప్పే నాకు వెంటనే తట్టింది. మోటర్ కాలితే అద్దం అసలు కదలదు కదా!

"జర ఆగుండ్రి. తలుపు కదిల్తెనే అద్దం లేచింది, అంటే లోపల వైరు తెగింది" అన్నాను.

కారు బంద్ చేయించి, తలుపుకూ కారుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం లాగి చూస్తే తెగిన వైరు కనిపించింది. కొసలు మెలేసి, డిక్కీలోని టేపు చుట్టి, కారు మళ్లీ స్టార్ట్ చేయించాను.

"ఇప్పుడు నొక్కుండ్రి అత్తమ్మా!"

అద్దం జుయ్యిమంటూ పైదాకా వెళ్లింది. అత్తమ్మ కొంగు కప్పి కాపాడిన చీర మీద ఒక్క మరక లేదు.

ఇప్పుడు వంతెన రాగానే అత్తమ్మ ముందు నావైపు తిరిగి, "దించాల్నా బిడ్డా?" అని అడుగుతుంది. ప్రాణహితకు దండం ఆ తర్వాతే.