చెరుకు రస సముద్రం అవతల

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అక్క మనవడు ఒక బొమ్మ పెట్టాడు. దేశపటం లాంటిదే, కాకపోతే దేశమంతా మా చోడవరమే. నడుమ పంచదార ఫ్యాక్టరీ గొట్టం మబ్బులు దాటిపోయింది, అనకాపల్లి ఒక బెల్లపు దిమ్మ, విశాఖపట్నం మా బస్సులు ఆగే స్టాపు. తన సొంత ఊరు చీడికాడను కొండ మీద నాలుగు కోతులుగా గీసుకున్నాడు. చీడికాడ వాళ్ళతో సహా అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నా వేలు మాత్రం కదలలేదు, ఎందుకంటే, వాడికి తెలియదు గానీ, ఆ కోతుల్ని మొదట గీసినవాణ్ణి నేను.

అప్పటికి నాకు బడిపంతులు ఉద్యోగం కొత్త. మా భజన మందిరంలో ఏటా సప్తాహం జరిగేది. ఏడు రోజులూ నామం తెగకూడదు కనుక చుట్టుపక్కల ఊళ్ళ బృందాలు వంతులు వేసుకుని దీపం చుట్టూ తిరుగుతూ పాడేవి. ఎవరూ ఒప్పుకోని మిట్టమధ్యాహ్నపు వంతు చీడికాడ వాళ్ళది. ఆ బృందానికి పెద్ద, మా అక్క మామగారు. పుట్టింటి బెంగ తీరని అక్క, వాళ్ళతో పాటు రావచ్చని ఏటా ఆ వంతు కోసమే రోజులు లెక్కపెట్టుకునేది.

మేరువు చుట్టూ ద్వీపాలు, వాటి చుట్టూ సముద్రాలు అని పురాణ కాలక్షేపంలో వినీ వినీ ఆ ఏడు నాకొక చిలిపి ఊహ పుట్టింది. నాన్న పాత పంచె మీద చోడవరాన్ని మేరువుగా నిలబెట్టి చుట్టూ చెరుకు రస సముద్రం పారించాను. పురాణంలో ముందు వచ్చేది ఉప్పు సముద్రం. దాన్ని దూరంగా నెట్టి, రావికమతాన్ని అందులో తేలే గడ్డిమోపు చేసి, ఆ అవతల కొండ మీద తాళాలు పట్టిన కోతుల్ని గీసి చీడికాడ అని రాశాను. మందిరం గోడకు కడితే ఊరంతా వచ్చి నవ్వింది. ఆ నవ్వు నాకు తలకెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం తమ వంతుకు వచ్చిన అక్క మామగారు తాళాల తాడు వేళ్ళకు చుట్టుకుంటూ దాని ముందు ఆగారు.

"ఈ కోతులు మేమేనేటి బాబూ?"

తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను శాస్త్రాన్ని అడ్డుపెట్టుకున్నాను. కోతులంటే హనుమంతుడి పరివారమే కదండీ, గౌరవంగానే గీశానన్నాను.

"అనుమంతుడైతే సామి పాదాల కాడ ఎట్టీవోడివి. ఉప్పు సంద్రం అవతలకి ఎందుకు గెంటేసేవు?"

వెనక నుంచి ఎవరో, "కోతులకి కోపమొచ్చీసింది," అన్నారు. గొల్లున నవ్వు లేచింది. ఆయన తాళాలు విప్పి దీపం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

"పదండ్రా. సెరుకురసం తాగీవోళ్ళే పాడుకుంటారు."

అందరూ వెళ్తుంటే అక్క గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. "ఒరే, ఆ అవతల ఉన్నది నేన్రా," అని మెల్లగా అని, వాళ్ళ వెంట వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నామం తెగకుండా అమ్మా నేనూ దీపం చుట్టూ తిరిగాం. సాయంత్రం పంచె విప్పి ట్రంకుపెట్టె అడుగున పడేశాను. మర్నాడే చీడికాడ వెళ్ళి కాళ్ళ మీద పడవలసినవాణ్ణి, ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూ వెళ్ళనే లేదు. అక్క తరవాత పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ మా ఇంటికి వచ్చింది గానీ మందిరం మెట్లెక్కలేదు. ఆమె మామగారు ఎప్పుడో పోయారు. పోయిన ఏడు అక్క కూడా పోయింది. భగవంతుడు క్షమిస్తాడని నేను ఎందరికో చెప్పాను. ఆయన కన్నా ముందు అడగవలసినవాళ్ళు ఉంటారని నాకే ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఆమె మనవడు తన ఊరిని తానే కోతులుగా గీసుకుని నవ్వుతున్నాడు. ఎవరికీ నొప్పి లేదు, మంచిదే. ఆనాడు అంత నొప్పి పుట్టింది మేమంతా ఒకే దీపం చుట్టూ తిరిగేవాళ్ళం కనుకనేమో. ఈమధ్య సప్తాహంలో మధ్యాహ్నపు వంతుకు మనుషులు దొరక్క మైకులో రికార్డు పెడుతున్నారు. నామం తెగడం లేదనే అంటారు. నేను ఆ వేళకు వెళ్ళి, అక్క మామగారు వదిలి వెళ్ళిన తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. వాయించడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.