ఇంజను మీద గోళ్లరంగు

బస్సు డిపోలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన ఆయన్ని అందరూ గీతల మేస్త్రి అనేవారు. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి పసుపు పెయింటుతో సన్నని గీత గీయడం ఆ డిపో పద్ధతి. నట్టు ఏమాత్రం వదులైనా గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. పొద్దున్నే టార్చి వేసి చూస్తే చాలు, ఏ బండి రోడ్డెక్కొచ్చో, ఏది ఎక్కకూడదో తెలిసిపోతుంది.

పనిలో చేరిన రెండో ఏట ఆయన ఒక ముందు చక్రానికి గీత గీసి, నట్టు బిగించడం మరిచిపోయాడు. బస్సు గేటు దాటకముందే డ్రైవరు చక్రం ఊగడం పసిగట్టాడు కాబట్టి సరిపోయింది. ఫోర్‌మన్ తిట్టలేదు. ఆ నట్టును ఆయన అరచేతిలో పెట్టి, షిఫ్టు అయ్యేదాకా గుప్పిట విప్పొద్దన్నాడు. అప్పటి నుంచి మేస్త్రి గీతను చూసేవాడే గానీ, స్పానరు వేసి చూడందే నమ్మేవాడు కాదు.

అన్నేళ్లలో ఆయనకు సొంతానికి ఒక సైకిలు తప్ప మరో బండి లేదు. కోరిక మాత్రం ఒకటుండేది. గుడ్డ టాపు వెనక్కి మడిచే, రెండే సీట్లున్న, పొడుగు ముక్కు స్పోర్ట్స్ కారు. కుర్రతనంలో అలాంటిది డిపో గేటు ముందు ఆగి దారి అడిగింది. ఈయన కావాలనే తప్పు దారి చెప్పాడు, మళ్లీ వెనక్కి వస్తుందేమోనని. వచ్చింది కూడా.

రిటైరయ్యాక చేతికొచ్చిన దాంట్లో ఇంటికి తీసిపెట్టగా మిగిలింది ఒక్క పాత కారుకే సరిపోతుంది. ఎంపిక తప్పితే రెండోది లేదు. ఊరందరి బళ్లకూ తీర్పు చెప్పిన మనిషి తన బండి దగ్గర బోల్తా పడ్డాడన్న మాట మాత్రం మిగిలిపోతుంది.

"కొనుక్కోండి, నేనేం వద్దనను" అంది భార్య. "కొండెక్కి మా అక్క ఇంటి గేటు దాకా ఆగకుండా వెళ్లిందా, ఇక దాని ఊసెత్తను. మధ్యలో ఆగిందా, బతికినన్నాళ్లూ ఎత్తుతూనే ఉంటా."

ఆ అక్క భర్త, అంటే మేస్త్రి తోడల్లుడు, ఆఫీసు ఫైళ్ల మధ్య తల నెరిసినవాడు. కాగితం లేనిదే సూర్యుడు ఉదయించాడన్నా ఒప్పుకోడు. మొదటి కారు చూడ్డానికి ఆయనే పిలవకుండా వెంట వచ్చాడు.

బ్రోకరు షెడ్డులో ఆ ఎర్ర కారు అద్దంలా మెరుస్తోంది. పక్కన బల్ల మీద రెండంగుళాల మందం ఫైలు. ప్రతి సర్వీసుకూ బిల్లు, బిల్లుకు ముద్ర. తోడల్లుడు కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పుతూ మురిసిపోయాడు.

"చూడవయ్యా తమ్ముడూ, ఇంజను పైభాగం రెండుసార్లు విప్పి బాగుచేశారట. తేదీలతో సహా ఉంది. ఇంకేం కావాలి నీకు?"

మేస్త్రి ఫైలు ముట్టుకోలేదు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఇంజను పైభాగాన్ని పట్టి ఉంచే నట్లను ఒక్కొక్కటే వేలితో తడిమాడు. ఏ నట్టు మూలలోనూ స్పానరు ఆనవాలు లేదు. ఫ్యాక్టరీలో వేసిన ఆకుపచ్చ రంగు నట్టుకీ ఇనుముకీ మధ్య ఎక్కడా చిట్లలేదు.

"అన్నయ్యా, ఇది పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ విప్పలేదు" అన్నాడు మెల్లగా.

"మరి బిల్లు?"

"బిల్లు మీదే విప్పుంటారు."

బ్రోకరు ఫోనొచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు. తోడల్లుడికి ఫైలు కిందపెట్టడానికి మనసొప్పలేదు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. "ఇంత మంచి ఫైలు మళ్లీ దొరకదు. నీ ఖర్మ. నేను మాత్రం ఒక గట్టి తాడు కొనిపెడతా. కొండ దారిలో నిన్ను లాగాలిగా."

రెండో కారు ఊరికి ఆ చివర, ఒక ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. నీలం రంగు అక్కడక్కడా వెలిసింది. సొంతదారు వాచీలు బాగుచేసేవాడు. పోయి ఎనిమిది నెలలైంది. తలుపు తీసిన ఆయన భార్య ముందే చెప్పేసింది.

"కాగితాలేం లేవండీ. పనంతా ఆయనే చేసుకునేవారు. రాయడమంటే ఆయనకు మహా బద్ధకం. ఇద్దరొచ్చి చూశారు, సర్వీసు పుస్తకం లేదనగానే మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లారు."

"నాకు నీళ్లివ్వండి, తాగుతాను" అన్నాడు మేస్త్రి.

బానెట్ ఎత్తాడు. టార్చి వెలుగు బ్రేకు పైపు నట్టు మీద పడగానే చెయ్యి ఆగిపోయింది. నట్టు మీద గీత ఉంది. ఒకటి కాదు. పక్కపక్కనే తొమ్మిది, తొమ్మిది రంగుల్లో. పాతవి విరిగి అటూ ఇటూ జరిగాయి. చివరిది ఒక్కటే నిండుగా ఉంది. విప్పిన ప్రతిసారీ, మళ్లీ బిగించి కొత్తది గీశారన్నమాట. స్టీరింగు దగ్గరా అంతే, కార్బురేటరు దగ్గరా అంతే.

నీళ్లు తెచ్చిన ఆవిడ తొంగిచూసి గ్లాసు అక్కడే పెట్టేసింది.

"అయ్యో, ఇది నా గోళ్లరంగు!"

మేస్త్రి తల తిప్పి చూశాడు.

"ఏడాదికో సీసా మాయమయ్యేదండీ. పక్కింటావిడ తీస్తోందని ఇన్నేళ్లూ దానితో సరిగ్గా మాట్లాడలేదు నేను! ఇదిగో, ఈ ఇటుక రంగు మా చెల్లెలిచ్చింది, పరమ అసహ్యంగా ఉండేది. మేం ఈ ఇంటికి మారిన ఏడాది. ఈ ముత్యాల గులాబీ నాకు మోకాలి ఆపరేషనైనప్పటిది. వంకాయ రంగు పోయినేడాది..."

ఆవిడ వేలు పెట్టి వరసగా చెబుతూంటే మేస్త్రి ప్రతి నట్టుకూ ఆ రంగుల వరసే సరిచూసుకుంటూ వెళ్లాడు. ఏ ఏడాదీ తప్పలేదు. అయినా ఊరుకోలేదు. జేబులోంచి స్పానరు తీసి నిండు గీత ఉన్న ప్రతి నట్టునూ పరీక్షించాడు. ఒక్కటీ కదల్లేదు.

బానెట్ కిందే, ఎడమ ముందు చక్రం వైపు మాత్రం ఒక నట్టుకు పాత గీతలన్నీ విరిగి ఉన్నాయి, కొత్తది లేదు. స్పానరు వేస్తే అర చుట్టు తిరిగింది.

"ఇది ఎప్పుడు విప్పారమ్మా?"

ఆవిడ కొంగుతో ఆ నట్టు మీది దుమ్ము తుడిచింది. "ఆ రోజు చేతులు కడుక్కోకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ తాగి వెళ్లి పూర్తిచేస్తానన్నారు."

మేస్త్రి నట్టును పట్టుగా బిగించాడు. ఒకసారి బిగించాక మళ్లీ స్పానరు వేసి చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఆవిడ లోపలికెళ్లి కాఫీ రంగు సీసా తెచ్చింది. ఆవిడ గోళ్లకున్నదీ అదే రంగు.

"ఈ ఇంట్లో గోళ్లరంగు అడిగి తీసుకున్న మొదటి మగాడు మీరే" అంది, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

గీత నిటారుగా వచ్చింది. "ఇదే తీసుకుంటా" అన్నాడు మేస్త్రి.

ఆ ఆదివారం టాపు మడిచి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కాడు. పదకొండు మలుపులు. ఏడో మలుపు దగ్గర బస్సులు చల్లారడానికి ఆగే చోటుంది. ఆయన డిపో బస్సు ఒకటి పొగలు కక్కుతూ అక్కడే నిలబడి ఉంది. డ్రైవరు గుర్తుపట్టి చెయ్యెత్తాడు. మేస్త్రి హారను కొట్టాడు, ఆగలేదు. భార్య జుట్టు ముడి ఊడిపోయింది. కట్టుకోలేదు.

"కొంచెం మెల్లగా పోనివ్వండి" అంది తొమ్మిదో మలుపులో.

"భయమా?"

"కాదు. అప్పుడే అయిపోతోంది."

గేటు దగ్గర తోడల్లుడు భుజాన తాడుచుట్టతో నిలబడి ఉన్నాడు. కారు మెత్తగా వచ్చి ఆయన కాళ్ల ముందు ఆగింది. ఆయన చుట్టూ తిరిగి చూసి, చివరికి అడగాల్సిందే అడిగాడు.

"అంతా బానే ఉంది. ఫైలేదీ?"

మేస్త్రి నోరు తెరిచేలోగా భార్యే దిగి బానెట్ ఎత్తింది. "రండి బావగారూ, కళ్లజోడు పెట్టుకోండి. ఇది ఇల్లు మారిన ఏడాది. ఇది మోకాలి ఆపరేషను. చివరిది మా ఆయన రాశారు."

కారు ఊసెత్తనన్న మాట ఆవిడకు గుర్తు లేదు. గుర్తుచేసే ధైర్యం మేస్త్రికీ లేదు. తోడల్లుడు కళ్లజోడు పెట్టుకుని తొమ్మిది రంగులూ లెక్కపెట్టి, పదోదాని దగ్గర ఆగి, రెండోసారి లెక్కపెట్టాడు.

"ఒక రౌండు తిప్పవయ్యా తమ్ముడూ" అన్నాడు గొంతు సవరించుకుని.

అప్పటికే వదినగారు చెప్పులు విదిలించి ఖాళీ సీట్లో కూర్చుని ఉంది.

"రెండే సీట్లు" అంది భర్తతో. "మీరు తాడు పట్టుకుని ఇక్కడే ఉండండి, మేం వచ్చేస్తాం."